పదకొండు రోజుల కూత

శాలిబండ గడియారం స్తంభం దాటి లాల్‌దర్వాజా వైపు తిరిగే సందుల్లో ఒకదానిలో నా దుకాణం. దుకాణం అనడం కూడా పెద్ద మాటే: ఒక బల్ల, రెండు మీటర్లు, సోల్డరింగ్ ఐరన్, మూలన పాత ఆసిలోస్కోపు. ఒక ఎండాకాలం మా పక్కన తాళం వేసి ఉన్న దుకాణంలోంచి రాత్రిపూట కూత మొదలైంది. అర నిమిషానికోసారి ‘కీక్’ మని. యజమాని ఊళ్లో లేడు, ఫోన్ ఎత్తడు. మొదటి రాత్రి సందంతా లేచి కూచుంది. మూడో రాత్రి సగం మందే లేచారు. వారం తిరిగేసరికి ఎదురింటి పెద్దమ్మ, "కీచురాయి అనుకుంటున్న బిడ్డా, అది అరుస్తుంటెనే నిద్ర పడుతుంది" అంది. పన్నెండో రోజు పొద్దున కూత లేదు. చాయ్ తాగుతుంటే పాన్‌డబ్బా ఆయన సంబరంగా చెప్పాడు: "తగ్గిపోయింది గద భయ్యా, నువ్వు ఊకెనే పరేషాన్ అయినవ్."

బ్యాటరీ మార్చమని యూపీఎస్ పెట్టే కూత అది. యజమాని వచ్చి తలుపు తీశాక నేనే విప్పాను. బ్యాటరీ ఉబ్బి పెట్టెకు బిగుసుకుపోయింది. రేకు కోసి బయటికి లాగాల్సి వచ్చింది. ఛార్జర్ బోర్డు మీద నల్లటి మచ్చ. అడిగి అడిగి నోరు పడిపోయిందన్న మాట. ఆ దుకాణదారుకు నష్టం కొద్ది వేల రూపాయలే. అంటుకుని ఉంటే సందు పోయేది. ఇక్కడికి నడిచి వెళ్లే దూరంలో ఉన్న గుల్జార్‌హౌజ్‌లో 2025 మే 18 పొద్దున ఒకే ఇంట్లో 17 మంది మంటలకు బలైపోయారు. ఆ పొగ చూసినవాళ్లం కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు.

ఒక యూపీఎస్ గురించి పేపర్లో రాయడం ఏమిటని అడగవచ్చు. నేను ఇరవై ఆరేళ్లు ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల్లో షిఫ్టులు చేశాను. అక్కడా ఇదే కూత, ఇదే కీచురాయి, ఇదే ‘తగ్గిపోయింది’. కాకపోతే అక్కడ కూత పెట్టే పెట్టెను నమ్ముకుని బాయిలర్లు, కంప్రెసర్లు, వాటి పక్కన మనుషులు ఉంటారు.

నాకు పని నేర్పింది మొగల్‌పురాలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక ఉస్తాద్. మల్లేపల్లి ఐటీఐలో చదువుకుంటూ సాయంత్రాలు ఆయన దగ్గర కూచునేవాణ్ని. ఆ రోజుల్లో ఇంటింటా ఈసీ టీవీలు. 1967లో మన హైదరాబాద్‌లోనే పెట్టిన ఈసీఐఎల్ తయారుచేసినవి. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ పరికరాలు చేసే సంస్థే మా పెద్దమ్మలు రామాయణం చూసిన టీవీ కూడా చేసింది. బొమ్మ వంకర పోయిందని, గొంతు బొంగురు పోయిందని, గీతలు వస్తున్నాయని టీవీలు వచ్చేవి. నేను వెంటనే పిక్చర్ ట్యూబు దగ్గర చెయ్యి పెట్టేవాణ్ని. ఉస్తాద్ చేతి మీద ఒక్కటి వేసేవాడు. "పహ్లే పేట్ దేఖో, ఫిర్ ముహ్ దేఖో." ముందు పొట్ట చూడు, మొహం తర్వాత. పొట్ట అంటే పవర్ సప్లై. మొహం మీద కనబడే రోగాల్లో సగం పొట్టలోవే.

ఫ్యాక్టరీల్లో కూడా పొట్టే. ఎంత పెద్ద యంత్రాన్నైనా నడిపే మెదడు, అంటే పీఎల్‌సీ, మామూలుగా 24 వోల్టుల డీసీ మీద బతుకుతుంది. మన స్కూటర్ బ్యాటరీకి రెండింతలు, అంతే. సెన్సార్లు, వాల్వులు తిప్పే కాయిల్స్, రిలేలు అన్నీ దాని మీదే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 20.4 నుంచి 28.8 వోల్టుల మధ్య ఉంటే చాలు. ఆ కింది గీత దాటి క్షణంలో ఇరవయ్యో వంతు పడిపోయినా మెదడుకు కళ్లు తిరుగుతాయి. మళ్లీ లేచి, ఏమీ జరగనట్టు పని చేస్తుంది. అక్కడే చిక్కు.

మూడేళ్ల కిందట కాటేదాన్‌లో ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. రోజూ సాయంత్రం ఏడు ప్రాంతంలో లైన్ ఆగిపోతోంది. మెయిన్ ఆపి వేస్తే మళ్లీ నడుస్తుంది. అప్పటికే ప్రాసెసర్ కార్డు మార్చారు. పుణె నుంచి ఒకబ్బాయి వచ్చి ప్రోగ్రాం రెండుసార్లు తిరగరాశాడు. అయ్యవారికి చూపిద్దామా అన్న ఆలోచన కూడా ఒకరికి వచ్చిందట. మధ్యాహ్నం మూడింటికి మీటర్ పెడితే 24.1. బంగారం. మెయింటెనెన్స్ కుర్రాడు నా మొహం వైపు జాలిగా చూశాడు, ఈ ముసలాయన కూడా ఇంతే అన్నట్టు.

నేను చాయ్ చెప్పించుకుని ఏడింటి దాకా కూచున్నాను. మీటర్‌ను సప్లై దగ్గర నుంచి తీసి, వైర్ల చివర కార్డు దగ్గర పెట్టాను. నీళ్ల ట్యాంకు నిండుగా ఉందా అన్నది ఒకటి, కుళాయిలో వస్తున్నాయా అన్నది ఒకటి. తర్వాత మీటర్‌ను ఏసీ రేంజికి తిప్పాను. స్వచ్ఛమైన డీసీలో అక్కడ దాదాపు సున్నా రావాలి. దాదాపు రెండు వోల్టులు వచ్చింది. మీటర్‌ను మళ్లీ డీసీకి తిప్పి, పక్కనే స్కోపు తగిలించాను. ఏడింటికి రెండో లైన్ మొదలైంది. నలభై వాల్వుల కాయిల్స్ ఒక్కసారి లాగాయి. స్కోపు తెర మీద గీత 19 కిందికి దిగి పైకి లేచింది. కంటిరెప్ప వేసేంత సేపు. మీటర్ మాత్రం నిశ్చింతగా 24 చూపిస్తూనే ఉంది, ఎందుకంటే మామూలు మీటర్ చూపేది సగటు.

పెట్టె విప్పితే మూడు కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. ప్యానెల్ ఫ్యాన్ జల్లెడ పిండి దుమ్ముతో పూడిపోయి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. ఈ కెపాసిటర్ల ఆయుష్షు లెక్క తెలుసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 105 డిగ్రీలని ఒంటి మీదే రాసి ఉంటుంది, ఆ వేడిలో మామూలు రకం ఆయుష్షు 2000 గంటలని కంపెనీ కాగితంలో ఉంటుంది. పది డిగ్రీలు చల్లబడిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుంది. 55 డిగ్రీల్లో ఉంచితే 64,000 గంటలు, ఏడేళ్లకు పైనే. 75 డిగ్రీల్లో ఉడికిస్తే 16,000 గంటలు, రెండేళ్లు కూడా కాదు. జల్లెడ దులపడం అనే పది నిమిషాల పని ఐదేళ్ల ఆయుష్షుతో సమానం. మూడు కెపాసిటర్లు కోఠి గుజరాతీ గల్లీలో రెండు వందల లోపే దొరికాయి. ప్రాసెసర్ కార్డుకు వాళ్లు లక్షకు పైనే పెట్టారు.

ఇదంతా నేను గొప్ప కోసం చెప్పడం లేదు. నన్ను కలవరపెట్టింది కెపాసిటర్లు కాదు. అలాంటి చాలా సప్లైలకు పక్కన రెండు చిన్న టెర్మినల్స్ ఉంటాయి. వోల్టేజి బాగుంటే లోపలి కాంటాక్టు కలిసి ఉంటుంది, పడిపోతే విడిపోతుంది, కంట్రోల్ రూములో హూటర్ మోగుతుంది. ఈ ప్యానెల్‌లో ఆ రెండు టెర్మినల్స్ మధ్య జానెడు ఎర్ర వైరు ముక్క. లూప్ చేశారు. ఇక లోపల ఏమైనా సరే, బయటికి ‘అంతా బాగుంది’ అనే వార్తే వెళ్తుంది. సప్లై మూడు నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం మొత్తుకుంటూ ఉండి ఉంటుంది. ఎవరో రాత్రి షిఫ్టు మనిషి హూటర్ భరించలేక దాని నోట్లో గుడ్డ కుక్కాడు.

ఆ మనిషిని నేను తిట్టను. నేనూ అదే పని చేశాను.

1996లో, వానాకాలం. అప్పుడు నేను పనిచేసే ప్లాంటు పేరు ఇక్కడ అనవసరం. బ్రేకర్లు, రక్షణ రిలేలు 110 వోల్టుల డీసీ బ్యాటరీల మీద నడిచేవి. ఆ డీసీలో ప్లస్సును గానీ మైనస్సును గానీ నేలకు కట్టరు. వరుసలో రెండు బల్బులు పెట్టి, మధ్య బిందువును ఎర్త్‌కు ఇస్తారు. అంతా బాగుంటే రెండూ సమానంగా మసకగా వెలుగుతాయి. ఎక్కడో తీగ తడిసి ఎర్త్ తగిలితే ఆ వైపు బల్బు ఆరిపోయి, రెండోది భగ్గున వెలుగుతుంది. ఇంత తెలివైన, ఇంత చవకైన డాక్టరు నాకు మళ్లీ కనబడలేదు. ఆ రాత్రి వాన పడ్డప్పుడల్లా ప్లస్సు బల్బు ఆరడం, హూటర్ మోగడం. ఇరవై సార్లు మోగి ఉంటుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి, "దాని నోరు మూయించవయ్యా, పొద్దున చూద్దాం" అన్నాడు. అలారం వైరు ఒకటి ఊడదీసి, టేపు చుట్టి, టేపు మీద పెన్నుతో ‘టెంపరరీ’ అని రాశాను. లాగ్‌బుక్కులో రాయలేదు. పొద్దున షిఫ్టు మారింది. వాన వెలిసింది. బల్బులు రెండూ వెలిగాయి. తగ్గిపోయింది.

పద్నాలుగు నెలల తర్వాత షట్‌డౌన్‌లో ప్యానెల్ తెరిస్తే నా చేతిరాతే నన్ను పలకరించింది. పద్నాలుగు నెలలు ఆ ప్లాంటు చెవిటిదిగా నడిచింది. డీసీలో మొదటి ఎర్త్ ఏమీ చేయదు, అందుకే మోసం. ఫ్యూజు పోదు, యంత్రం ఆగదు. రెండోది ఇంకోచోట తగిలిందంటే, తగిలిన చోటును బట్టి, ట్రిప్ కాకూడని బ్రేకర్ ట్రిప్ అవుతుంది, లేదా ట్రిప్ కావాల్సిన బ్రేకర్ కాదు. నా అదృష్టం బాగుండి రెండోది తగల్లేదు. తప్పు ఎక్కడుందో చూస్తే డాబా మీద ఒక జంక్షన్ బాక్సు, కేబుల్ దూరే గ్లాండ్ వదులై నీళ్లు దిగాయి. బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

అందుకే 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు అన్నప్పుడు, అందులోనూ కంట్రోల్ వ్యవస్థకు డీసీ ఇచ్చే బ్యాటరీల దగ్గర పని జరుగుతోందని చదివినప్పుడు, నాకు నా టేపు ముక్క గుర్తొచ్చింది. కొండను తొలిచి కట్టిన కేంద్రం అది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. కృష్ణ నిండుగా పారుతున్న రోజులు. రాత్రి పదిన్నర ప్రాంతంలో ప్యానెళ్ల దగ్గర మంటలు లేచాయి, సొరంగం పొగతో నిండిపోయింది. కొందరు బయటపడ్డారు. తొమ్మిది మంది రాలేదు. ఏడుగురు జెన్‌కో వాళ్లు, ఇద్దరు బ్యాటరీల కంపెనీ తరఫున పనికి వచ్చినవాళ్లు. ఏడుగురిలో ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి వెళ్లిన అసిస్టెంట్ ఇంజనీరు.

ఆ రాత్రి ఏ తీగ ఏ తీగకు తగిలిందో తీర్పు చెప్పడం నా పని కాదు. దర్యాప్తులు చేసినవాళ్లున్నారు. పాఠకులకు ఒక సంగతి మాత్రం తెలియాలి. 900 మెగావాట్లు పుట్టే చోట బ్యాటరీ ఎందుకు అని మా సందులో చాలామంది అడిగారు. జనరేటర్‌లో తప్పు వచ్చిన క్షణాన అది పుట్టించే కరెంటును నమ్మలేం. దాన్ని ఆపే చెయ్యి వేరే చోట తిండి తినాలి. బ్రేకర్‌ను ఊడగొట్టే కాయిల్, ప్రమాదాన్ని పసిగట్టే రిలే, కంట్రోల్ రూము దీపాలు బ్యాటరీ మీదే ఉండేది అందుకు. డీసీ పోతే యంత్రం ఆగదు. ఆపేవాడు పోతాడు. చీకట్లో బ్రేకులు లేని లారీ ఘాట్ దిగుతున్నట్టు.

కాబట్టి బ్యాటరీ గది ప్లాంటులో గర్భగుడి. కానీ నేను చూసిన చాలా ప్లాంట్లలో అది చీపుర్లు, పాత ఫైళ్లు పెట్టుకునే గది. సెల్లుకు సెల్లు వోల్టేజి రాసే రిజిస్టరులో నెలల తరబడి ఒకే అంకె, ఒకే ఇంకు. బ్యాటరీ ఛార్జర్ మీద ఉండగా వోల్టేజి చూడటం పీటల మీద కూచున్న పెళ్లికొడుకును అందగాడా అని అడగడం లాంటిది. ఛార్జర్ ఆపి, లోడు పెట్టి, గంటల తరబడి ఎంత నిలుస్తుందో చూస్తేనే నిజం తెలుస్తుంది. ఆ పరీక్షకు ప్లాంటు సమయం ఇవ్వాలి. సమయం అంటే ఉత్పత్తి. వాదన అక్కడికొచ్చి ఆగుతుంది.

‘మా దగ్గర రెండు సప్లైలున్నాయి, ఒకటి పోయినా నడుస్తుంది’ అనే జవాబు ఎక్కడికి వెళ్లినా వినిపిస్తుంది. కావడి బద్దకు రెండు కుండలు వేసినట్టు రెండు సప్లైలు చెరిసగం మోస్తాయని అనుకుంటారు. ఒకదాన్ని 24.0కి, ఇంకోదాన్ని 24.3కి సెట్ చేసి వదిలేస్తే ఎక్కువున్నదే మొత్తం మోస్తుంది, రెండోది పచ్చ లైటు వెలిగించుకుని కునుకు తీస్తుంది. మోసేది చచ్చిన రోజు, ఏళ్లుగా బరువెత్తని దాని మీద బరువంతా పడుతుంది. ఒకటి పోయిన సంగతి చెప్పే అలారం వైరు కట్టకపోతే రెండు సప్లైలు కొన్నది నడవడానికి కాదు, మరిచిపోవడానికి.

పచ్చ లైటును నమ్మడం గురించి ప్రపంచానికి 1979 మార్చి 28నే పాఠం అందింది. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దీపం మాత్రం మూసుకుందన్నట్టే చూపింది. ఆ దీపం వాల్వును చూడటం లేదు, వాల్వు కాయిల్‌కు కరెంటు ఆగిందా లేదా అన్నదే చూస్తోంది. ఆజ్ఞ వెళ్లిందంతే. మనకు అంత దూరం ఎందుకు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిన వాటిలో రెండు నాకు నిద్ర పట్టనివ్వలేదు. ట్యాంకు అడుగున తప్ప మధ్యలో, పైన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదు. సైరన్ ఉన్నా మోగించలేదు. పైన ఉడుకుతున్నది అడుగున ఉన్న థర్మామీటరుకు ఎలా తెలుస్తుంది?

ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. "అన్నా, రోజుకు వందల అలారాలు, ఏది నిజమో ఏది చిల్లరో ఎట్ల తెల్వాలె?" అని ఒక కుర్రాడు అడిగాడు. న్యాయమే. 1994 జులై 24న బ్రిటన్‌లో మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలడానికి ముందు దాదాపు 11 నిమిషాల్లో ఆపరేటర్ల మీద 275 అలారాలు కురిశాయి. అంత వానలో ఎవరూ చినుకులు లెక్కపెట్టలేరు. మామూలు రోజుల్లో పది నిమిషాలకు ఒకటి మించకుండా ఉంటే మంచిదని తర్వాత అక్కడివాళ్లు మార్గదర్శకాలే రాసుకున్నారు. చిల్లర అలారం అంటే చిల్లర జబ్బు. దాన్ని బాగుచేయాలి, లేదా అది అలారం కాదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసేయాలి. ఎర్ర వైరు ముక్క ఈ రెండింటిలో ఏదీ కాదు. ఇక పవర్ సప్లై అలారం చిల్లర కాదు. మిగతా అలారాలన్నీ మోగడానికి కరెంటు ఇచ్చేది ఆ సప్లైనే.

నేను అడిగేది పెద్దది కాదు. ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చే అధికారి మంచి గదిలో కూచుని ఫైళ్లు తిప్పే బదులు, గత ముప్పై రోజుల అలారం చిట్టా తెప్పించుకోవాలి. పవర్ సప్లై, బ్యాటరీ, ఎర్త్ ఫాల్ట్ అన్న మాటలున్న వరుసలు చూసి, ప్రతిదానికీ ఎవరు ఏం చేశారో అడగాలి. ఆ మాటలు ఒక్కచోటా లేకపోతే ఇంకా గట్టిగా అడగాలి. లూప్ చేసిన ప్రతి వైరుకూ ఒక రిజిస్టరు, దానిలో పేరు, తేదీ, తీసేయాల్సిన గడువు ఉండాలి. గడువు దాటితే షిఫ్టు మనిషిని కాదు, ప్లాంటు మేనేజరును నిలదీయాలి. రాత్రి రెండింటికి బ్యాటరీ అలారం చూసి యంత్రం ఆపిన ఆపరేటరుకు పొద్దున మెమో ఇవ్వకూడదు. మెమో భయం ఉన్న చోట ఎర్ర వైర్లు పుట్టుకొస్తూనే ఉంటాయి. శ్రీశైలంలో ఏం జరిగిందో ఇంజనీర్ల కాగితాల్లో కాకుండా తెలుగులో, ఐటీఐ పిల్లలకు పాఠంగా చెప్పాలి. ఆ రాత్రి పోయినవాళ్లలో ఇంజనీర్లతో పాటు ప్లాంట్ అటెండెంట్లు, బ్యాటరీ టెక్నీషియన్లు ఉన్నారు. రేపు ఆ స్పానర్ పట్టుకునేది ఈ పిల్లలే.

నా బల్ల దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. అలారం రాగానే రీసెట్ నొక్కకు. ముందు ఫోన్ తీసి ప్యానెల్ లైట్ల ఫొటో పట్టు, టైం రాయి. రీసెట్ నొక్కావంటే సాక్ష్యం చెరిపేసినట్టే. తర్వాత చెయ్యి పెట్టి వేడి చూడు, ముక్కు పెట్టి వాసన చూడు, ఆ తర్వాతే మీటర్. పిల్లలు నవ్వుతారు. ఉస్తాద్ అన్నప్పుడు నేనూ నవ్వాను.

నిన్న కాటేదాన్ నుంచి మళ్లీ ఫోన్. అదే ఫ్యాక్టరీ, కొత్త మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి. "సార్, రెండో ప్యానెల్‌ల సప్లై ఫెయిల్ అలారం మూడు దినాలు వచ్చింది. పొద్దుగాల నుంచి వస్తలేదు. దానంతటదే తగ్గింది, మీరు రానక్కర్లేదు" అన్నాడు. ఏ లైటు వెలుగుతోంది, ఏది ఆరిందో ఫొటో తీసి పంపమన్నాను. ఫొటోలో రెండు సప్లైలు. ఒకదాని మీద పచ్చ లైటు. రెండోదాని మీద ఏ లైటూ లేదు. టెర్మినల్స్ దగ్గర పెద్దది చేసి చూస్తే మళ్లీ ఎర్ర వైరు. మధ్యాహ్నం షట్టర్ దించి, స్కోపును గుడ్డలో చుట్టి ఆటో ఎక్కాను. దారిలో ఆయనకు ఒకటే చెప్పాను, నేను వచ్చేదాకా ఆ వైరు ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని, ఎవరు పెట్టారని ఎవరినీ అడగొద్దని.